చిన్న గ్రంథాలయాల్లో కోహా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ట్రస్టులు, స్వచ్ఛంద సంస్థలు నడిపే గ్రంథాలయాల కంప్యూటరీకరణ గురించి మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బందిని ప్రస్తావించాయి. పుస్తకాల నమోదు, జారీ, వాపసు వంటి పనులు చూసుకునే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది, కానీ దాన్ని ఇన్‌స్టాల్ చేసి, నమ్మకంగా నడిచే స్థితికి తీసుకురావడం సాధ్యం కావడం లేదు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయించాము. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము.

ప్రశ్న (తెనాలి, ఒక ట్రస్టు గ్రంథాలయ కార్యదర్శి): మా దగ్గర దాదాపు ఆరు వేల పుస్తకాలున్నాయి. జీతం మీద పనిచేసే ఉద్యోగి ఒక్కరే. కోహా ఉచితమని విని, తెలిసిన ఇంజినీరింగ్ విద్యార్థి చేత పెట్టించబోతే రెండుసార్లూ పని మధ్యలోనే ఆగిపోయింది. ఒక కంపెనీని అడిగితే, మేము ఏడాదికి పుస్తకాల కొనుగోలుకు పెట్టే డబ్బు కంటే ఎక్కువ చెప్పారు. ఉచితంగా ఇచ్చినది ఇంత కష్టంగా ఎందుకుండాలి?

సమాధానం: కోహా మీవంటి సంస్థ కోసమే పుట్టింది. న్యూజిలాండ్‌లోని లెవిన్ అనే చిన్న పట్టణంలోనూ, దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ గ్రంథాలయాలు నడిపే హొరోవెనువా లైబ్రరీ ట్రస్టుకు, తాము వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేదని అర్థమైంది. ఆ ట్రస్టు మార్కెట్లో ఉన్న ఖరీదైన వ్యవస్థను కొనలేదు. 1999లో కటిపో కమ్యూనికేషన్స్ అనే న్యూజిలాండ్ సంస్థ చేత, మామూలు వెబ్ బ్రౌజర్‌లోనే పనిచేసే కొత్త వ్యవస్థను రాయించుకుని, 2000 జనవరి మొదట్లోనే దానితో పుస్తకాలు ఇవ్వడం ప్రారంభించింది. ఆ తర్వాత, ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద దాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది. కొన్నేళ్లకు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నెల్సన్‌విల్ పబ్లిక్ లైబ్రరీ కోహాను ఎంచుకున్నప్పుడు, అందులో మార్క్ రికార్డుల (పుస్తక వివరాలను రాయడానికి గ్రంథాలయాలు వాడే ప్రామాణిక పద్ధతి) సదుపాయం లేదని గమనించి, సొంత డబ్బుతో దాన్ని చేర్పించింది. కోహా ఈ విధంగానే పెరిగింది. ఒక గ్రంథాలయం తనకు అవసరమైన భాగానికి ఖర్చు పెట్టేది, ఆ భాగం అందరికీ దక్కేది.

అయితే ఇన్‌స్టాల్ చేసే పని ఈ పద్ధతిలో సులభంగా బాగుపడదు. ప్రోగ్రాము రాసేవారి కంప్యూటర్లలో అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడి ఇబ్బంది వారికి కనబడదు. ఆ ఇబ్బంది పడే గ్రంథాలయానికేమో, ఎలాగో ఒకసారి ఇన్‌స్టాల్ అయిపోయాక మళ్లీ దాని మీద డబ్బు పెట్టవలసిన కారణం ఉండదు. పైగా కోహా ఒకే ఒక ప్రోగ్రాము కాదు. పెర్ల్ భాషలో రాసిన ప్రధాన భాగం, సమాచారం దాచే మరియాడీబీ, పేజీలను అందించే అపాచీ, వెతుకులాటకు సూచీ తయారు చేసే జీబ్రా, వేగం కోసం మెమ్‌క్యాష్‌డ్, వెనుక జరిగే పనుల వరుసను చూసుకునే రాబిట్‌ఎంక్యూ, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకోవాలి. తొలి పదేళ్లలో పెర్ల్ మాడ్యూళ్లను పదుల కొద్దీ ఒక్కొక్కటిగా చేర్చుకోవలసి వచ్చేది. వాటిలో ఒకదాని వెర్షన్ కుదరకపోయినా పని అక్కడే నిలిచిపోయేది.

2010 తర్వాత డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్యాకేజీలు రావడంతో ఈ పరిస్థితి మారింది. కోహా సముదాయంలో కొందరు ప్యాకేజీల తయారీనే తమ బాధ్యతగా తీసుకుని, పైన చెప్పిన భాగాలన్నీ ఏ క్రమంలో, ఏ వెర్షన్లలో చేరాలో ముందే అమర్చిపెట్టారు. ఇప్పుడు కోహా-కామన్ అనే ఒక్క ప్యాకేజీని అడిగితే మిగిలినవి చాలావరకు వాటంతట అవే వస్తాయి. మీ విద్యార్థి ఏ పద్ధతి అనుసరించారో మీరు రాయలేదు. ఇంటర్నెట్‌లో దొరికే పాత వీడియోలు, పాత వ్యాసాలు చూసి చేసేవారు సాధారణంగా సోర్స్ కోడ్‌ను నేరుగా దించుకుని ఇబ్బంది పడుతుంటారు. ప్యాకేజీ పద్ధతిలో, ఇప్పటి వెర్షన్‌కు రాసిన సూచనలతో మరోసారి ప్రయత్నించమని నా సలహా.

కంపెనీ చెప్పిన మొత్తం విషయంలో, ఇన్‌స్టాల్ చేయడానికి ఎంత, పాత వివరాలను ఎక్కించడానికి ఎంత, శిక్షణకు ఎంత, ఏడాది పొడుగునా చూసుకోవడానికి ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మనండి. ఆరు వేల పుస్తకాల గ్రంథాలయానికి మొదటిది ఒక పూట పని. మిగిలిన మూడింటికి అడిగే డబ్బు న్యాయమైనదే కావచ్చు, వాటిలో మీకు ఏది కావాలో మీరే తేల్చుకోవచ్చు. ఎవరితో ఒప్పందం చేసుకున్నా, సర్వర్ పాస్‌వర్డు మీ దగ్గర ఉంటుందనీ, మొత్తం రికార్డులను ఎప్పుడు అడిగినా మార్క్ రూపంలో ఇస్తారనీ అందులో రాయించుకోండి. ఆ రెండు వాక్యాలూ లేకపోతే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా మీ గ్రంథాలయం ఒకరి చేతిలోనే ఉంటుంది.

ప్రశ్న (వరంగల్): మా దగ్గర విండోస్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంది. దాని మీద కోహా నడుస్తుందా? ఎలాంటి కంప్యూటర్ కావాలి?

సమాధానం: విండోస్ మీద కోహాను నేరుగా నడపడానికి అధికారికమైన మార్గం ఇప్పుడు లేదు. వర్చువల్‌బాక్స్ వంటి సాధనంతో విండోస్ లోపల డెబియన్‌ను నడిపి, అందులో కోహాను పెట్టి నేర్చుకోవచ్చు. నేర్చుకోవడానికి అది మంచి పద్ధతి, కానీ రోజూ పుస్తకాలిచ్చే పనికి వద్దు. విండోస్ అప్‌డేట్ కోసం కంప్యూటర్ తనంతట తాను ఆగిపోతే లోపలి సమాచారం చెదిరే ప్రమాదం ఉంది.

ఒక కంప్యూటర్‌ను పూర్తిగా సర్వర్‌కే కేటాయించి, దాని మీద డెబియన్ గానీ ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్ గానీ పెట్టండి. నాలుగు జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ ఉంటే కొన్ని వేల పుస్తకాలకు సరిపోతుంది. పాత డెస్క్‌టాప్‌కు డిస్కు మార్చి, మెమరీ పెంచితే చాలు, కొత్తది కొనవలసిన అవసరం లేదు. సిబ్బంది, పాఠకులు వాడే కంప్యూటర్లలో విండోస్ ఉన్నా పరవాలేదు, ఎందుకంటే అక్కడ కావలసినది బ్రౌజర్ ఒక్కటే. సర్వర్ మీ భవనంలోనే ఉంటే ఇంటర్నెట్ పోయినా లోపలి నెట్‌వర్క్‌లో పని ఆగదు. కరెంటు మాత్రం ఆపుతుంది. డబ్బు తక్కువగా ఉంటే మెమరీని తగ్గించుకోండి గానీ యూపీఎస్‌ను మానుకోకండి.

ప్రశ్న (నిజామాబాద్, ఒక గ్రామీణ పఠనాలయం స్వచ్ఛంద కార్యకర్త): ప్యాకేజీ పద్ధతిలోనే చేస్తున్నాము. సూచనలు ఇంగ్లీషులో ఉన్నా అర్థమవుతున్నాయి, అయినా చివరికి బ్రౌజర్‌లో కోహాకు బదులు వేరే పేజీ వస్తోంది. సాధారణంగా ఎక్కడ తప్పు జరుగుతుంది?

సమాధానం: మీకు కనబడుతున్నది బహుశా అపాచీ సొంత స్వాగత పేజీ. కొత్తగా కోహా పెట్టేవారిలో చాలామంది ఇక్కడే నిలిచిపోతారు. అపాచీని పెట్టగానే అది ఒక నమూనా వెబ్‌సైటును తెరిచి ఉంచుతుంది. ఆ నమూనా సైటును ఆపి, అపాచీలో రీరైట్, సీజీఐ మాడ్యూళ్లను ప్రారంభించి, సర్వీసును తిరిగి నడిపితే సాధారణంగా కోహా పేజీ వస్తుంది. పాఠకుల పేజీ వచ్చి సిబ్బంది పేజీ రాకపోతే పోర్టు, అంటే సర్వర్ ఆ పేజీని అందించే ద్వారం సంఖ్య, సంగతి చూడాలి. చాలామంది పాఠకుల పేజీని 80వ పోర్టులోనూ, సిబ్బంది పేజీని 8080వ పోర్టులోనూ ఉంచుతారు. కోహా అమరికల ఫైలులో 8080 అని రాస్తే సరిపోదు, అపాచీ వినవలసిన పోర్టుల ఫైలులో కూడా అదే సంఖ్యను చేర్చాలి. ఈ రెండో పని సూచనల్లో ఒకే ఒక వాక్యంగా ఉంటుంది, కాబట్టి చదివేవారి కన్ను దాన్ని దాటిపోతుంది.

క్రమం విషయంలో కూడా కొంత జాగ్రత్త అవసరం. మరియాడీబీ సర్వర్ ముందే ఉండాలి. ఆ తర్వాత డొమైన్ పేరు, పోర్టు వంటి వివరాలను అమరికల ఫైలులో సరిచేసి, అప్పుడే మీ గ్రంథాలయం పేరుతో కోహా-క్రియేట్ ఆదేశం ఇవ్వాలి. ముందు ఆదేశమిచ్చి తర్వాత అమరికలు మారిస్తే, అప్పటికే తయారైన సైటు పాత వివరాలతోనే ఉండిపోతుంది. ఆ గ్రంథాలయం పేరును చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, పొట్టిగా పెట్టుకోండి. డేటాబేసు పేరు, యూజర్ పేరు, ఫోల్డర్ల పేర్లు అన్నీ దాని నుంచే పుడతాయి.

తొలి లాగిన్ ఇంకొక చిక్కు. దానికి కావలసిన పాస్‌వర్డును మీరు ఎక్కడా పెట్టి ఉండరు, కోహాయే తయారు చేసుకుని ఉంటుంది. koha-passwd అనే చిన్న ఆదేశం ఒకటి ఉంది, అది ఇస్తే పాస్‌వర్డు తెర మీద కనబడుతుంది. దానితో లోపలికి వెళ్లగానే వెబ్ ఇన్‌స్టాలర్ మొదలై, మార్క్ 21 కావాలా, యూనిమార్క్ కావాలా అని అడుగుతుంది. మన దేశంలో మార్క్ 21 ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకునే దారి లేదు కాబట్టి ఇక్కడ పొరపాటు పడకండి. 2017 మేలో వచ్చిన 17.05 వెర్షన్ నుంచి, ఆ తర్వాతి దశలో మీ గ్రంథాలయం పేరు, సభ్యుల రకాలు, మొదటి నిర్వాహకుడి ఖాతా, పుస్తకాల రకాలు, పుస్తకం ఎన్ని రోజులు ఉంచుకోవచ్చన్న నియమం, వీటన్నిటినీ వరుసగా అడిగే మార్గదర్శక పేజీలు కూడా చేరాయి. సాంకేతికంగా ఇది పెద్ద మార్పు కాకపోవచ్చు. కానీ అంతకు ముందు ఇన్‌స్టాల్ పూర్తయినా, ఖాళీ తెర ముందు ఏం చేయాలో తెలియక వదిలేసినవారికి దాని విలువ చాలా ఎక్కువ. ఆ దశలో తయారైన నిర్వాహకుడి ఖాతాతోనే ఇకపై పనిచేయండి, డేటాబేసు యూజర్ పేరుతో రోజువారీ పనులు చేయకండి.

ప్రశ్న (ఒంగోలు): మా పుస్తకాల జాబితా ఎక్సెల్‌లో ఉంది. తెలుగు పేర్లను అను ఫాంట్లలో టైపు చేయించాము. వీటిని కోహాలోకి ఎలా తెచ్చుకోవాలి? తెలుగులో వెతకడం కుదురుతుందా?

సమాధానం: తెలుగు గ్రంథాలయాలకు అసలు కష్టం ఇక్కడే ఉంది. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక పూట పడితే, దీనికి నెలలు పట్టవచ్చు. కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

అను ఫాంట్లలో టైపు చేసినది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులకే తెలుగు రూపాలు తొడిగి చూపించే పద్ధతి అది. ఆ ఫాంటు లేని చోట అర్థం లేని గుర్తులే కనబడతాయి, కోహాలోనూ అంతే. ముందుగా జాబితా అంతటినీ, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లోకి మార్చాలి. అందుకు మార్పిడి సాధనాలు ఉన్నాయి, కానీ ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న చోట తప్పులు రావడం మామూలే. మొత్తం మార్చే ముందు ఒక వంద పేర్లను మార్చి, తెలుగు బాగా తెలిసినవారి చేత చదివించి చూడండి. అక్షరం పక్కన వచ్చే సున్నా (అనుస్వారం, ం) ఉండవలసిన చోట తెలుగు అంకె సున్నా (౦) పడటం మరొక తప్పు. కంటికి రెండూ దాదాపు ఒకేలా కనబడతాయి గనుక ఎవరూ గమనించరు, పాఠకులు సరిగ్గా టైపు చేసి వెతికినప్పుడు మాత్రం ఆ పుస్తకం దొరకదు.

ఎక్సెల్ వల్ల కూడా కొన్ని నష్టాలు జరుగుతాయి. 13 అంకెల ఐఎస్‌బీఎన్‌ను అది పెద్ద సంఖ్యగా భావించి కుదించి రాస్తుంది, రిజిస్టరు సంఖ్య ముందున్న సున్నాలను తీసేస్తుంది. ఆ నిలువు వరుసలను ముందే టెక్స్ట్ రకంగా మార్చుకోవాలి. ఫైలును భద్రపరిచేటప్పుడు తప్పనిసరిగా యూనికోడ్‌ను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిని ఎంచుకోవాలి. లిబ్రేఆఫీస్ కాల్క్ ఈ సంగతి విడిగా అడుగుతుంది కాబట్టి నేను దానినే సూచిస్తాను.

తరువాతి అడుగు ఆ జాబితాను మార్క్ రికార్డులుగా మార్చడం. ఓపెన్ సోర్స్ కాకపోయినా ఉచితంగా దొరికే మార్క్‌ఎడిట్‌లో దీనికి సదుపాయం ఉంది. ఏ నిలువు వరుస ఏ క్షేత్రంలోకి వెళ్లాలో మీరు చెప్పాలి: రచయిత 100లోకి, పుస్తకం పేరు 245లోకి, ఐఎస్‌బీఎన్ 020లోకి వెళ్తాయి. మీ దగ్గరున్న ప్రతి గురించిన వివరాలు, అంటే ఏ శాఖలో ఉంది, బార్‌కోడ్ ఎంత, అరలో ఏ సంఖ్య దగ్గర ఉంటుంది అన్నవి, కోహా ప్రత్యేకంగా వాడే 952లోకి వెళ్లాలి. 952 లేకుండా ఎక్కించిన పుస్తకం కాటలాగులో కనబడుతుంది గానీ ఎవరికీ ఇవ్వడానికి వీలుకాదు. మొదట ఇరవై రికార్డులు మాత్రమే ఎక్కించి, వాటిలో ఒక పుస్తకాన్ని ఇచ్చి, తిరిగి తీసుకుని చూశాక మిగిలినవి ఎక్కించండి.

ఇతర గ్రంథాలయాల నుంచి రికార్డులను తెచ్చుకోవడానికి కోహాలో జడ్39.50 అనే సదుపాయం ఉంది. ఇంగ్లీషు పుస్తకాలకు అది ఎంతో శ్రమ తగ్గిస్తుంది. తెలుగు పుస్తకాలకు అంతగా ఆశ పెట్టుకోకండి. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలు విస్తారంగా ఉన్నా, వాటి రికార్డుల్లో పేర్లు చాలావరకు రోమన్ లిపిలో ఉంటాయి. తెలుగు లిపిలో మీరు చేసే ప్రతి రికార్డూ మరో తెలుగు గ్రంథాలయానికి పనికొస్తుంది, కాబట్టి మీరు చేసినవి ఇతరులకు ఇవ్వండి, వారివి అడిగి తీసుకోండి.

తెలుగులో వెతకడం తప్పకుండా కుదురుతుంది. జీబ్రా మొదట వచ్చే అమరికలు మాత్రం ప్రధానంగా యూరప్ లిపులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. సూచీ అమరికల ఫైలులో అక్షరాల పట్టికకు బదులు, యూనికోడ్ లిపులన్నిటినీ గుర్తించే ఐసీయూ పద్ధతిని ఎంచుకుని, సూచీని మొదటి నుంచి మళ్లీ తయారు చేయించాలి. జీబ్రాకు బదులు ఎలాస్టిక్‌సెర్చ్ వాడేవారు దానికి ఐసీయూ అనుబంధాన్ని చేర్చుకోవాలి. ఈ ఒక్క మార్పు చేయక, కోహాలో తెలుగు పనిచేయదన్న నిర్ణయానికి వచ్చినవారి ఉత్తరాలు కూడా మాకు అందాయి. రచయితల పేర్ల విషయంలో ఇంటిపేరు ముందా, వెనుకా అన్నది మొదటి రోజే నిర్ణయించుకోండి. శ్రీశ్రీ అని వెతికినా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకే చోటికి చేరేలా అథారిటీ రికార్డులు చేసుకోవచ్చు. కలం పేర్లు ఇంత విరివిగా ఉన్న మన సాహిత్యానికి ఆ శ్రమ వృథా పోదు.

ప్రశ్న (శ్రీకాకుళం, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి): మేము ఆరు గ్రామాల్లో పిల్లల గ్రంథాలయాలు నడుపుతున్నాము. ఆరు చోట్లా కోహా పెట్టాలా? ప్రతి చోటా చూసుకునే మనిషి దొరకడు.

సమాధానం: పెట్టవద్దు. చిన్న సంస్థలకు ఇన్‌స్టాల్ చేసే పనిని సులభం చేయడానికి నాకు తెలిసిన ఉత్తమ మార్గం, ఇన్‌స్టాల్ చేయవలసిన చోట్ల సంఖ్యను తగ్గించడమే. మీ ఆరు గ్రంథాలయాలూ ఒకే సంస్థవి కాబట్టి ఒకే కోహాలో ఆరు శాఖలుగా పెట్టుకోండి. సభ్యుల జాబితా, కాటలాగు ఒకటే అవుతాయి, ఒక ఊరిలో లేని పుస్తకం పక్క ఊరిలో ఉందో లేదో పిల్లలకు వెంటనే తెలుస్తుంది. సర్వర్‌ను ఇంటర్నెట్‌లో నెలవారీ అద్దెకు తీసుకుంటే ప్రతి ఊరిలో ఒక మామూలు కంప్యూటర్, నెట్ కనెక్షన్ సరిపోతాయి. అలా చేసినప్పుడు చిరునామాను తప్పనిసరిగా, సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ కిందకు తీసుకురావాలి. దానికి కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రం ఉచితం, కోహా ప్యాకేజీలో దానికి ఏర్పాటు కూడా ఉంది. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఇంటర్నెట్‌లోని సర్వర్‌లో ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్తను తర్వాత చూద్దామని వాయిదా వేయకూడదు. అవసరం లేని వివరాలను అసలు నమోదు చేయకపోవడం ఇంకా మంచిది.

మీ జిల్లాలో వేరే ట్రస్టులు కూడా గ్రంథాలయాలు నడుపుతుంటే వారితో కలిసి ఆలోచించండి. సభ్యులను, కాటలాగును కలపడం వారికి ఇష్టం లేకపోయినా ఇబ్బంది లేదు. ప్యాకేజీ పద్ధతిలో ఒకే సర్వర్ మీద అనేక కోహాలను వేర్వేరుగా నడపవచ్చు. ప్రతిదానికీ సొంత డేటాబేసు, సొంత అమరికలు, సొంత చిరునామా ఉంటాయి, ఒకరి సమాచారం మరొకరికి కనబడదు. మెమరీ మాత్రం సంఖ్యను బట్టి పెంచుకోవాలి. అప్పుడు సర్వర్ అద్దెనూ, దాన్ని చూసుకునే వ్యక్తి జీతాన్నీ అందరూ పంచుకోవచ్చు.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో చిన్న చిన్న కౌంటీల గ్రంథాలయాలు పైన్స్ పేరుతో ఏకమై ఒకే వ్యవస్థను వాడుతున్నాయి. మార్కెట్లో దొరికేవి తమ పద్ధతికి సరిపోలేదని, ఎవర్‌గ్రీన్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను తామే రాయించుకుని, 2006 సెప్టెంబరులో 250కి పైగా గ్రంథాలయాల్లో ఒకేసారి వాడకంలోకి తెచ్చాయి. వాటిలో ఏ చిన్న గ్రంథాలయమూ తనకు తానుగా సర్వర్ పెట్టుకోలేదు. 1914లోనే విజయవాడలో సమావేశమై సంఘం పెట్టుకున్న గ్రంథాలయోద్యమం మనది. ఒక జిల్లాలోని నాలుగు ట్రస్టులు కలిసి ఒక సర్వర్ నడపడం మనకు అసాధ్యమని నేను ఒప్పుకోను.

ప్రశ్న (హైదరాబాద్): అందరూ కోహా గురించే చెబుతున్నారు. మన దగ్గర తయారైన న్యూజెన్‌లిబ్, ప్రభుత్వ ఈ-గ్రంథాలయ వంటివి ఉన్నాయి కదా. రెండు వేల పుస్తకాలున్న మాకు అంతకంటే తేలికైనది లేదా?

సమాధానం: న్యూజెన్‌లిబ్ మీ నగరంలోనే పుట్టింది. వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తయారు చేసిన ఈ వ్యవస్థను 2008 జనవరిలో జీపీఎల్ కింద విడుదల చేశారు. జావా, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నడుస్తుంది. ఎంచుకునే ముందు చివరి విడుదల ఎప్పుడు వచ్చిందో, ప్రశ్న అడిగితే ఎన్నాళ్లకు జవాబు వస్తోందో స్వయంగా చూసుకోండి. ఏ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కైనా ఇదే నా మొదటి పరీక్ష. ఈ-గ్రంథాలయను నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ ప్రధానంగా ప్రభుత్వ గ్రంథాలయాల కోసం తయారు చేసింది.

రెండు వేల పుస్తకాలకు మీరు ఇండొనేషియాలో 2007లో మొదలైన స్లిమ్స్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను కూడా పరిశీలించవచ్చు. అది పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంది గనుక విండోస్‌లో ఆ రెండింటినీ కలిపి ఇచ్చే క్జాంప్ పెట్టి, ఫోల్డర్‌ను అక్కడ ఉంచి, కొన్ని పేజీలు పూర్తి చేస్తే పని మొదలవుతుంది. సాధారణ వెబ్ హోస్టింగ్‌లో కూడా పెట్టుకోవచ్చు. కోహాలో ఉన్నన్ని సదుపాయాలు అందులో లేవు, కానీ మీకు కావలసినవి నమోదు, జారీ, వాపసు, వెతుకులాట అయితే అది చాలు. ముందు ముందు పెద్దదానికి మారవలసి వస్తే రికార్డులను బయటికి తీసుకోగలమా అన్నది మొదటి వారంలోనే పరీక్షించి చూడండి.

ప్రశ్న (కర్నూలు): కోహా ఏడాదిగా బాగానే నడుస్తోంది. బ్యాకప్ దానంతట అదే జరుగుతుందని విన్నాము, నిజమేనా? అప్‌డేట్లు చేయాలా?

సమాధానం: నిజమే, కానీ అంతటితో నిశ్చింతగా ఉండకూడదు. ప్యాకేజీతో పెట్టిన కోహా రోజూ బ్యాకప్ తీస్తుంది. అయితే దాన్ని అదే కంప్యూటర్‌లో, అదే డిస్కు మీద దాచి, ఇటీవలి రెండు రోజులవి మాత్రమే ఉంచుతుంది. డిస్కు పోతే బ్యాకప్ కూడా పోతుంది. ఆ ఫైళ్లను వారానికి ఒకసారైనా వేరే చోటికి తీసుకువెళ్లాలి, ఆరు నెలలకు ఒకసారి వేరే కంప్యూటర్‌లో వాటి నుంచి కోహాను తిరిగి నిలబెట్టి చూడాలి.

కోహా కొత్త వెర్షన్ ఏటా మే, నవంబరు నెలల్లో వస్తుంది, మధ్యలో ప్రతి నెలా చిన్న సవరణలు వస్తాయి. మీ ప్యాకేజీల చిరునామాలో స్టేబుల్ అని రాసి ఉంటే, మామూలు అప్‌డేట్ చేస్తున్నామనుకున్న రోజున పెద్ద వెర్షనే మారిపోవచ్చు. దాని బదులు వెర్షన్ సంఖ్యనే రాసుకుంటే సవరణలు మాత్రమే వస్తాయి, పెద్ద మార్పును మీకు వీలైన సెలవు రోజుల్లో చేసుకోవచ్చు. కొన్ని వెర్షన్లకు ఎక్కువ కాలం సవరణలు అందుతాయి. మనుషులు తక్కువగా ఉన్న గ్రంథాలయాలకు అవే మేలు.

ప్రశ్న (డల్లాస్, తెలుగు సంఘం సభ్యుడు): మాలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. మా ఊళ్లలోని గ్రంథాలయాలకు కోహా పెట్టి ఇవ్వాలనుకుంటున్నాము. సాఫ్ట్‌వేర్‌ను ముందే కూర్చి ఎక్కడైనా నడిపించే డాకర్‌తో ఒకేసారి అన్నిచోట్లా పెట్టవచ్చా?

సమాధానం: మీ ఆలోచన నాకు సంతోషం కలిగించింది, కాబట్టి నిర్మొహమాటంగా రాస్తున్నాను. కోహా సముదాయం ఇస్తున్న డాకర్ ఏర్పాటు ప్రోగ్రామర్లు పరీక్షలు చేసుకోవడానికి ఉద్దేశించినది, గ్రంథాలయాన్ని దాని మీద నడపకూడదు. మీరు సొంతంగా ఒక ఏర్పాటు తయారు చేయగలరు, కానీ మీరు ఉద్యోగం మారిన తర్వాత ఆ ఊరిలో దాన్ని అర్థం చేసుకునేవారు ఎవరూ ఉండరు. డెబియన్ ప్యాకేజీ దారిలోనే వెళ్తే, మీరు లేకపోయినా ఆ గ్రంథాలయం ఇతర కోహా గ్రంథాలయాలు వెళ్లే దారిలోనే ఉంటుంది.

సెలవుల్లో వచ్చి ఇన్‌స్టాల్ చేసి వెళ్లిపోయే పద్ధతిని నేను ప్రోత్సహించను. ఆరు నెలల తర్వాత ఒక సవరణ ఆగిపోతే, గ్రంథపాలకురాలు మళ్లీ రిజిస్టరు తీసి రాయడం మొదలుపెడతారు, ఆ తర్వాత కంప్యూటర్ మీద ఆమెకు నమ్మకం కలిగించడం కష్టం. మీలో ముగ్గురు నలుగురు కలిసి ఒక సర్వర్‌ను కనీసం మూడేళ్లు చూసుకుంటామని మాట ఇవ్వగలిగితే, పై శ్రీకాకుళం ప్రశ్నలో చెప్పినట్టు అనేక ట్రస్టులకు దాని మీద చోటు ఇవ్వండి. మీరు నిద్రపోయే వేళ ఇక్కడ గ్రంథాలయం తెరిచి ఉంటుంది కాబట్టి, స్థానికంగా ఒకరికి జీతమిచ్చి శిక్షణ ఇప్పించండి.

సర్వర్ బాధ్యత తీసుకోలేనివారు చేయగలిగినవీ ఉన్నాయి. అను ఫాంట్ల జాబితాను శుభ్రమైన యూనికోడ్‌గా మార్చి, సున్నా తప్పులను పట్టుకుని, నేరుగా 952తో సహా మార్క్ రికార్డులు ఇచ్చే ఒక సాధనం రాసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేయండి. ఒంగోలు నుంచి వచ్చిన ప్రశ్న వంటివి మా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. కోహా తెరల మీది మాటలను తెలుగులోకి తెచ్చే పనిలో చేరండి, గ్రంథపాలకులు రోజూ వాడే మాటలేమిటో వారినే అడిగి అనువదించండి. ఇన్‌స్టాల్ సూచనలను తెలుగులో, తెర బొమ్మలతో, ఏ వెర్షన్‌కు రాస్తున్నారో మొదటి వాక్యంలోనే చెబుతూ రాసి, ఆరు నెలలకు ఒకసారి సరిదిద్దండి. నిజామాబాద్ పాఠకుడిని ఆపిన ఆ పోర్టు వాక్యాన్ని అందులో ఒక పేరాగా రాయండి.